ముందు నీళ్ళ టైంటేబుల్ చింపేయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఇంట్లో ముప్పైకి పైగా కుండీలున్నాయి, సగం ఆకుల మొక్కలు, సగం సక్యులెంట్స్ (ఆకుల్లో, కాడల్లో నీళ్ళు దాచుకునే మొక్కలు). మంగళవారం, శనివారం అన్నింటికీ ఒకేలా నీళ్ళు పోస్తున్నారు. అయినా గులాబీ పువ్వులా ఆకులు పేర్చుకునే ఎచెవేరియాలు పొడుగ్గా సాగిపోతున్నాయి, జెడ్ ప్లాంట్ ఆకులు రాలుస్తోంది, బ్రహ్మకమలం నాలుగేళ్ళుగా మొగ్గ వేయలేదు. మొదట్లో ఉన్న సరదా పోయి ఇప్పుడు కుండీల వైపు చూస్తేనే టెన్షన్. మేడ మీద గాజు గది కట్టించి అన్నింటినీ అందులోకి మారిస్తే బాగుపడతాయా, ఇంకా ఏ మొక్క కొనొచ్చు అని అడిగారు.

గాజు గది సంగతి, కొనే సంగతి చివర్లో చూద్దాం. ముందు ఆ సరదా ఎటు పోయిందో చూడాలి. మీరు రాసిన దాంట్లో నీళ్ళున్నాయి, ఎరువులున్నాయి, వేపనూనె ఉంది. ఏ మొక్క ఈ నెలలో ఏం చేసిందో మాత్రం ఒక్క ముక్క లేదు. కొత్త చిగురు వచ్చిందా, వేరు కుండీ కిందకి దిగిందా, కొమ్మ ఎటు తిరిగింది, ఏమీ రాయలేదు. మొక్కల మీద విసుగు ఎక్కువమందికి ఇక్కడే మొదలవుతుంది. రోజువారీ పని మిగులుతుంది, మొక్క కంటికి ఆనదు. ఆ మొక్క తన ఊళ్ళో ఎలా బతుకుతుందో తెలిస్తే చూడాలనిపిస్తుంది. చూస్తుంటే నీళ్ళు ఎప్పుడు పోయాలో అదే చెబుతుంది. కాబట్టి నేను టిప్స్ కంటే మొక్కల గురించే ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

రణపాలతో మొదలుపెడదాం. ఆకు అంచుల్లో పిల్ల మొక్కలు పుట్టే ఆ సక్యులెంట్ మీకు తెలిసే ఉంటుంది. 19వ శతాబ్దం మొదట్లో బెంజమిన్ హెయిన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దాని ఆకు పొద్దున్నే నమిలితే పుల్లగా ఉందనీ, మధ్యాహ్నానికి ఆ పులుపు పోయిందనీ గమనించి రాశాడు. (మీరు నమలకండి. ఆ ఆకులో గుండెకు హాని చేసే పదార్థాలున్నాయి.) కారణం చాలా కాలానికి తేలింది. మామూలు మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి, అదే దారిలో ఒంట్లోని నీరు ఆవిరై పోతుంది. సక్యులెంట్స్‌లో చాలావాటికి అంత నీటి ఖర్చు భరించే స్తోమత లేదు. పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి, తీసుకున్న దాన్ని మాలిక్ ఆమ్లంగా మార్చి ఆకులో దాచుకుంటాయి. తెల్లారి వెలుగొచ్చాక తలుపులు తీయకుండానే ఆ దాచుకున్నది వాడుకుంటాయి. పొద్దుటి పులుపు అదన్నమాట.

ఇంత పొదుపుగా బతికే మొక్కకు వారానికి రెండుసార్లు నీళ్ళు పోస్తే అది ఆ నీళ్ళు ఏం చేసుకుంటుంది? మీ జెడ్ ప్లాంట్ దగ్గరకు వెళ్ళి ఒక ఆకును బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి మెల్లగా నొక్కండి. గట్టిగా, నిండుగా ఉంటే దానికి నీళ్ళు అక్కర్లేదు, మట్టి ఎంత ఎండినా సరే. కాస్త మెత్తబడి, పైన సన్నటి ముడతలు కనిపిస్తే దాహంగా ఉన్నట్టు. పసుపు పచ్చగా, లోపలి వెలుగు కనిపించేంత పల్చగా మారి, తాకగానే ఊడి చేతికొస్తే నీళ్ళు ఎక్కువైనట్టు. మీరు చెప్పిన రాలడం ఈ మూడోదే అని నా అనుమానం. అలా అయితే కుండీలోంచి తీసి వేర్లు చూడండి. నల్లగా, మెత్తగా ఉన్నవి కత్తిరించేసి, నాలుగైదు రోజులు నీడలో ఆరబెట్టి, ముతక ఇసుక లేదా పెర్లైట్ (తేలికపాటి తెల్ల గుళికలు) సగానికి సగం కలిపిన పొడి మట్టిలో నాటండి. నాటిన వారం దాకా చుక్క నీరు పోయొద్దు.

నీళ్ళు ఎక్కువైతే వేరు ఎందుకు కుళ్ళుతుందో కూడా చెప్పాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి ఉంటుంది, వేర్లు ఊపిరి తీసుకునేది ఆ గాలితోనే. ఖాళీలన్నీ నీళ్ళతో నిండితే ఆక్సిజన్ ఆ నీళ్ళలోంచి వేరు దాకా రావాలి. గాలిలో కంటే నీటిలో అది దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అంటే వేరు నీళ్ళ వల్ల కాదు, ఊపిరాడక పోతుంది. కుండీ అడుగున గులకరాళ్ళు పరిస్తే నీరు బాగా దిగుతుందని చాలామంది నమ్ముతారు. జరిగేది దానికి తలకిందులు. సన్నటి మట్టిలోని నీరు పూర్తిగా నిండేదాకా ముతక రాళ్ళలోకి దిగదు, తడి మట్టి పొర ఇంకా పైకి, వేర్ల దగ్గరకు జరుగుతుంది. రాళ్ళు మానేయండి. కుండీకి చిల్లు ఉంటే చాలు, చిల్లు లేని కుండీ ఎంత అందంగా ఉన్నా అది పై తొడుగుగా మాత్రమే పనికొస్తుంది.

ఇక వెలుగు. నన్నడిగితే ఇంటి మొక్కల్లో నూటికి తొంభై గొడవలు ఇక్కడివే. మన కన్ను మోసం చేస్తుంది. ఎండలోంచి గదిలోకి రాగానే కంటిపాప పెద్దదై అంతా వెలుగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట సుమారు లక్ష లక్స్ (వెలుగు కొలత) వెలుగుంటే, అదే సమయంలో గది మధ్యలో కొన్ని వందల లక్స్ మించకపోవచ్చు. కిటికీ నుంచి రెండు మూడు అడుగులు వెనక్కి జరిపితేనే చాలా తేడా. మీటరు కొనక్కర్లేదు. మధ్యాహ్నం కుండీ పెట్టే చోట ఒక తెల్ల కాగితం ఉంచి, దాని మీద ఒక అడుగు ఎత్తులో అరచెయ్యి పట్టండి. వేళ్ళ నీడ గీత గీసినట్టు పడితే అది సక్యులెంట్స్‌కు చోటు. నీడ మసకగా ఉండి చెయ్యి అని తెలుస్తుంటే మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్ లాంటివి పెట్టండి. నీడే పడకపోతే అక్కడ స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్ కూడా పెరగవు, ఉన్న నిల్వతో నెట్టుకొస్తాయంతే. జీజీ మొక్కకు మట్టి కింద బంగాళాదుంపల్లాంటి దుంపలుంటాయి, అందుకే చీకటి మూలలో నెలల తరబడి తాజాగా కనిపించి యజమానిని బురిడీ కొట్టిస్తుంది.

మీ ఎచెవేరియాలు సాగిపోవడం వెలుగు చాలకే. ఆకుల మధ్య దూరం పెరిగి, మెడ బారుగా లేచి, ఆకులు కిందికి వంగిపోయి ఉంటాయి. ఒకసారి సాగిన కాండం మళ్ళీ కుదించుకోదు, ఎండలో పెట్టినా సరే. పదునైన చాకుతో తల కింద ఒక అంగుళం కాడ ఉంచి కోసేయండి. కోసిన చోటు ఎండి పొలుసు కట్టేదాకా, అంటే ఐదారు రోజులు, ఊరికే పక్కన పెట్టండి. తర్వాత పొడి మట్టి మీద కూర్చోబెడితే వేరు పోసుకుంటుంది. మిగిలిన మొండెం పారేయకండి, కణుపుల దగ్గర పిల్లలు వస్తాయి.

కింది ఆకుల్ని పక్కకి మెలిపెట్టి, మొదలు చిరగకుండా ఊడదీసి, ఒక పళ్ళెంలో మట్టి మీద పరచండి. రెండు మూడు వారాల్లో ఆకు మొదట్లోంచి దారప్పోగుల్లాంటి గులాబీ రంగు వేర్లు గాల్లోకి వస్తాయి. ఆ వెనకే ఆవగింజంత గుత్తి. లోపల ఐదారు ఆకులు, ఒక్కొక్కటి గోటి కొన కంటే చిన్నది, అయినా తల్లి మొక్క అమరికే. ఆ పిల్ల పెరిగేకొద్దీ తల్లి ఆకు ముడుచుకుని, పల్చబడి, చివరికి కాగితంలా మిగులుతుంది. రోజూ పొద్దున భూతద్దం పెట్టి చూడండి. ముప్పై కుండీల మొత్తం ఇవ్వని సరదా ఆ పళ్ళెం ఒక్కటే ఇస్తుంది, నేను రాసిస్తాను. అన్నట్టు, ఎచెవేరియా ఆకుల మీద తెల్లటి పౌడర్ ఉంటుంది చూశారా, అది ఎండ నుంచి దాని రక్షణ. వేలు పెడితే వేలిముద్ర పడుతుంది, ఆ ఆకు ఉన్నన్నాళ్ళూ పోదు.

సక్యులెంట్స్‌లో చూడదగ్గ విడ్డూరం లిథాప్స్. 1811లో విలియం బర్చెల్ అనే యాత్రికుడు దక్షిణాఫ్రికాలో వింతగా ఉన్న ఒక గులకరాయిని ఏరబోయి, అది మొక్క అని తెలుసుకున్నాడు. రెండే ఆకులు, మధ్యలో చీలిక. ఏటా ఆ చీలికలోంచి కొత్త జత పైకి వస్తూ పాత జతలోని నీళ్ళన్నీ తాగేస్తుంది, పాతవి ఎండి తొక్కలా విడిపోతాయి. ఆ సమయంలో మీరు జాలిపడి నీళ్ళు పోశారనుకోండి, పాత ఆకులు ఎండటం మానేస్తాయి, కొత్తవి వాటి మధ్య ఇరుక్కుంటాయి, చివరికి అంతా కుళ్ళుతుంది. దాన్ని పెంచడంలో ముప్పాతిక వంతు విద్య చేతులు కట్టుకుని కూర్చోవడమే. కొందరి వల్ల అవ్వదు. మీరు ఆ కోవలోకి వస్తారేమో అనిపిస్తోంది, ఏమీ అనుకోకండి! అలా అయితే హవర్తియా మేలు. హవర్తియా కూపరీ ఆకు కొసల్ని వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి, గాజులా పారదర్శకంగా ఉంటాయి. సొంత నేలలో అది మట్టిలో కూరుకుపోయి కొసలు మాత్రమే బయట ఉంచుతుంది, వెలుగు ఆ కిటికీల్లోంచి లోపలికి దిగుతుంది. కాస్త తక్కువ వెలుగులోనూ సర్దుకుంటుంది.

ఆకుల మొక్కల లెక్క వేరు. ఇవి ఎక్కువగా వర్షారణ్యంలో పెద్ద చెట్ల నీడన పుట్టినవి. మాన్‌స్టెరా జాతిలో కొన్నింటి మొలకలు వెలుగు వైపు కాకుండా చీకటి వైపు పాకుతాయి. అడవిలో చీకటిగా కనిపించేది చెట్టు మొదలు కాబట్టి. మొదలు దొరికాక పైకి ఎక్కడం మొదలుపెడతాయి, ఆకులు పెద్దవై చిల్లులు పడతాయి. ఆ చిల్లులు ఆకు విప్పుకున్నాక పడేవి కావు. చుట్ట చుట్టుకుని కాడలో ఉన్నప్పుడే అక్కడి కణాలు తమంతట తాము చనిపోతాయి. మీ మాన్‌స్టెరాకు చిల్లులు రావట్లేదంటే కొబ్బరి పీచు చుట్టిన కర్ర ఒకటి పాతి, గాలి వేర్లను దాని వైపు మళ్ళించి, కిటికీ దగ్గరకు జరపండి. మనీ ప్లాంట్ కూడా అంతే, వేలాడితే ఆకు అరచేతిలో సగం, చెట్టెక్కితే చేటంత. వీటికి మట్టిలో రెండు అంగుళాల లోతు దాకా వేలు దించి పొడిగా తగిలితేనే నీళ్ళు. పోస్తే కింద చిల్లులోంచి కారేదాకా పోయాలి, పళ్ళెంలో చేరింది పారబోయాలి. ఆకు కొసలు గోధుమ రంగు తిరగడం గురించి మరీ బెంగపడకండి. స్పైడర్ ప్లాంట్, డ్రసీనాలు నీళ్ళలోని ఫ్లోరైడ్‌కు కూడా అలా అవుతాయి, వాన నీళ్ళు పట్టి పోస్తే తగ్గుతుంది.

ఇంట్లో పిల్లలు, పిల్లులు ఉంటే ఒక్క మాట. మనీ ప్లాంట్, మాన్‌స్టెరా, డీఫెన్‌బాకియా అన్నింటి ఆకుల్లోనూ సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు మంటపెట్టి వాస్తుంది. ఎత్తులో పెట్టండి.

బ్రహ్మకమలం దగ్గరకు వద్దాం. మీరు దాన్ని ఎడారి మొక్కల పక్కన పెట్టానని రాశారు. కాక్టస్ కుటుంబమే, కానీ ఎడారి కాక్టస్ కాదు. ఎపిఫిల్లమ్ ఆక్సీపెటాలమ్ (ఇది దాని శాస్త్రీయ నామం) మధ్య అమెరికా ప్రాంతపు తేమ అడవుల్లో చెట్ల కొమ్మల పంగల్లో, కుళ్ళిన ఆకుల చెత్తలో వేరూనుతుంది. కాబట్టి దానికి నడినెత్తి ఎండ పడదు, బంకమట్టి పడదు, పెద్ద కుండీ అసలు పడదు. పొద్దుటి ఎండ, వదులుగా ఉండే మట్టి, వేర్లు ఇరుగ్గా ఉండే కుండీ ఇవ్వండి. పూత కాలానికి ముందు రెండు నెలలు నీళ్ళు తగ్గించండి. ఏటా పెద్ద కుండీలోకి మారుస్తున్నానన్నారు, పూయకపోవడానికి అది ఒక పెద్ద కారణం అయ్యుంటుంది.

మొగ్గ వస్తే ఎలా ఉంటుందో ముందే చెబుతాను, గుర్తుపట్టడానికి. మనం ఆకు అనుకునే చదునైన కాండం అంచులో, నొక్కు దగ్గర, మినప్పప్పు బద్దంత ఎర్రటి బుడిపె లేస్తుంది. కొన్ని రోజులు కిందికి వేలాడుతూ సాగుతుంది. విచ్చే రోజు దగ్గరపడ్డాక ఆ గొట్టం గాలంలా పైకి వంగి మొగ్గ తల ఎత్తుతుంది. ఆ సాయంత్రం పని పెట్టుకోకండి. చీకటి పడ్డాక బయటి సన్నటి రేకలు విడతాయి, అర్ధరాత్రికి పూర్తిగా విచ్చుకుంటుంది, ఇల్లంతా వాసన. తెల్లారేసరికి తల వేలాడేస్తుంది. చీకట్లో తిరిగే చిమ్మటల కోసం చేసే హడావిడి అది, మనం పిలవని అతిథులం.

మార్కెట్లో అందరూ ఎగబడే తెల్ల మచ్చల మొక్కల గురించి అడిగారు. అందంగా ఉంటాయి, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ తెల్ల భాగంలో పత్రహరితం ఉండదు, పచ్చ భాగం సంపాదిస్తే అది తింటుంది. పూర్తి తెల్ల ఆకులే వస్తుంటే కొమ్మను కిందికి కత్తిరించాలి, పూర్తి పచ్చ కొమ్మ వస్తే అది జోరుగా పెరిగి మిగతావాటిని మింగేస్తుంది, దాన్నీ కత్తిరించాలి. పసుపు అంచున్న స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలు చేసి నాటితే వచ్చే పిల్లలకు పసుపు అంచు ఉండదు, దుంప విడదీసి నాటాల్సిందే. ఇక మొక్కలు గదిలో గాలి శుభ్రం చేస్తాయన్న మాట. 1989లో నాసా మూసిన చిన్న పెట్టెల్లో చేసిన పరీక్షల నుంచి పుట్టిన ప్రచారం అది. 2019లో పాత పరీక్షల లెక్కలన్నీ కలిపి చూసిన సమీక్ష ప్రకారం, మామూలు ఇంట్లో గాలి వచ్చిపోవడం వల్ల జరిగే పనికి సమానం కావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలి. కిటికీ తీయండి, మొక్కల్ని చూసుకోవడానికి పెంచుకోండి.

పురుగుల గురించి క్లుప్తంగా. కొత్త మొక్క ఏది తెచ్చినా మూడు వారాలు వేరే గదిలో ఉంచండి. ఆకు తొడిమ మొదట్లో దూదిపింజలా కనిపిస్తే పిండినల్లి, 70 శాతం ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్ బడ్‌తో తుడవండి, వారం వారం, మూడు నాలుగు విడతలు. ఆకు వెనక సన్నటి బూజు, పైన గుండుసూది పొడిచినట్టు చుక్కలుంటే ఎర్రనల్లి. ముందు ఆకుల్ని నీళ్ళతో గట్టిగా కడగండి. సక్యులెంట్స్ మీద వేపనూనె అదేపనిగా కొట్టకండి, పైనున్న పౌడర్ పోతుంది, ఎండలో మచ్చలు పడతాయి.

గాజు గది. నా మాట వింటే ఏడాది ఆగండి. ఇప్పుడున్న బాధ నీళ్ళది, వెలుగుది. గది కడితే వెలుగు సమస్య తీరి వేడి సమస్య మొదలవుతుంది. ఎండ గాజులోంచి లోపలికి వస్తుంది, వేడెక్కిన గాలి బయటికి పోయే దారి ఉండదు. వేడిగాలి పైకి లేస్తుంది కాబట్టి కప్పులో తెరుచుకునే కిటికీలు ఉండాలి, వాటి మొత్తం నేల వైశాల్యంలో ఐదో వంతు ఉంటే మంచిది. చల్లగాలి లోపలికి రావడానికి కింద కూడా సందులు కావాలి. కప్పు మీద షేడ్ నెట్ కావాలి. మధ్యాహ్నం నేల మీద నీళ్ళు చల్లితే కాస్త చల్లబడుతుంది, తేమా పెరుగుతుంది, కానీ ఆ తేమ ఫెర్న్‌లకు పండగైతే సక్యులెంట్స్‌కు గండం. ఒకే గదిలో రెండూ పెట్టాలంటే గాలాడే పై అరలు సక్యులెంట్స్‌కు, నేల దగ్గరి నీడ ఫెర్న్‌లకు. పైగా వాన పడదు, పురుగుల్ని తినే పురుగులూ రావు, ఒక్క పిండినల్లి దూరితే చాలు. ఇంట్లో పెరిగిన మొక్కను ఒక్కసారిగా అక్కడ పెడితే ఆకులు మాడతాయి, రెండు మూడు వారాలు కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి.

ఈలోగా ఒక గాజు పెట్టె పెట్టి చూడండి. 1829లో నథానియల్ వార్డ్ అనే లండన్ డాక్టరు చిమ్మట గూడును మట్టితో సహా సీసాలో మూసి ఉంచితే, బయట ఆయన తోటలో పొగకు చచ్చిపోతున్న ఫెర్న్ అందులో మొలిచింది. నీరు ఆవిరై, గాజు మీద చేరి, మళ్ళీ మట్టిలోకి జారుతోంది. 1833లో అలాంటి పెట్టెల్లో ఓడ మీద సిడ్నీకి పంపిన మొక్కలు బతికి చేరాయి. ఫిట్టోనియా, చిన్న ఫెర్న్‌లు, నాచు వేసి మీరూ ఒకటి చేయండి. నేరుగా ఎండ తగలనీయకండి, సక్యులెంట్ మాత్రం అందులో పెట్టకండి. ఆ పెట్టెను ఏడాది చక్కగా నడిపితే గది నడపగలరు.

పూల కోసం తొందర వద్దు. లండన్ క్యూ గార్డెన్స్‌లో పామ్ హౌస్ అనే గాజు గదిలో ఒక సైకాడ్ (ఈతచెట్టులా కనిపించే మొక్క) ఉంది, మొక్కలు సేకరించే ఫ్రాన్సిస్ మాసన్ 1775లో దక్షిణాఫ్రికా నుంచి తెచ్చాడు, ఇప్పటికీ కుండీలోనే ఉంది. అక్కడ అది పువ్వుకు బదులు వేసే శంకువు (కోన్) వేసింది ఒక్కసారే, 1819లో. మీ నాలుగేళ్ళు ఏపాటి!

కొనడం అంటారా, బతికున్నవి కుదుటపడ్డాక ఒకటే కొనండి, హోయా కార్నోసా. ఆకులు మందం, నీళ్ళు మర్చిపోయినా ఊరుకుంటుంది, కిటికీ పక్కన చాలు. మైనంతో చేసినట్టుండే నక్షత్రాల గుత్తి పూస్తుంది, రాత్రి వాసన ఎక్కువ. పూలు రాలాక మొండిగా మిగిలే చిన్న కాడను చూసి, ఎండిపోయింది కదా అని కత్తిరించొద్దు. మళ్ళీ పూలు ఆ కాడ మీదే వస్తాయి.